కలబంద మీద పేరు

ఆ ఏడు ఊళ్లోకొచ్చిన పెద్దల బడిలో అక్షరాలు నేర్చుకున్న మునెమ్మ, పెరటి కంచెలో కలబంద ఆకు మీద తుమ్మముల్లుతో ఏదో రాస్తూ మొగుడు గంగులప్ప కంటబడింది.

"ఏంది రాస్తాండావు?"

"ఒగ పేరు."

"మొగోడిదా?"

"ఊ."

"సదువు, ఇంటాను."

మునెమ్మ వంగమొక్కలకు నీళ్లు పోస్తూ తల అడ్డంగా ఊపింది. "నా నోటితో సెప్పలేను. నువ్వే నేర్సుకోని సదువుకో."

వేరేవాళ్ల చేత చదివిస్తే పరువు పోతుంది. గంగులప్ప మరునాడే పలక పట్టుకుని బడికి పోయాడు. పుంగనూరు సంతలో ఆమెను పలకరించిన ప్రతి మగాణ్నీ ఎగాదిగా చూశాడు. మొక్కలకు నీళ్లు తనే పోస్తానని రోజూ కంచె దగ్గర చేరేవాడు.

మొదట 'గం' తెలిసింది. ఆ పూటే పక్కింటి గంగాధరంతో మాటలు మానేశాడు.

మూడో నెలలో ఒక పొద్దున, పేరు మొత్తం కూడబలుక్కుని చదివాడు.

గంగులప్ప.

మొగుడి పేరు పలకకూడదని, పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో మునెమ్మ ఒక్కసారీ నోట అనని పేరు.

చెంబు పట్టుకుని వెనకే నిలబడి ఉంది మునెమ్మ.

"నువ్వు అనుమానపడినోళ్లలో ఈ పేరుండే ఆయప్ప ఉండాడా?"