నా కాలి జోలికి రావద్దు

అయ్యగారూ, నిన్న ఆరాధనలో మళ్ళీ నన్నడగకుండా అందరి ముందు నిలబెట్టి నా తెగిన కాలి కోసం ప్రార్థన చేశారు. లారీ కింద పోయిన కాలిని దేవుడు మరిచిపోయాడని వారం వారం గుర్తుచేస్తున్నట్టున్నారు. మంచిదే, ఆయనకూ పనులెక్కువ.

పోయిన వారం సత్తెమ్మక్క కొడుకును పూడ్చిపెట్టినప్పుడు "దేవుని చిత్తం" అని, బస్సుకు వేళయిందని మీరు వెళ్ళిపోయారు. శనివారం నేను కేసముద్రంలో రైలు పట్టాల పక్కన గోనెసంచులు కుడుతుంటే, ఆమె నన్ను దాటి పట్టాల మీదికి నడిచింది. బండి కూత వినబడినా పక్కకు జరగలేదు.

పరుగెత్తడానికి నాకు కాలేది? దేవుడి మీద మండిపోయింది. కేకేశాను.

"అక్కా! నా కర్ర యాడనో పడ్డది. జర లేపి పోరాదు!"

"నేనే సావవోతుంటే నీ కర్ర లొల్లేందిరా?"

"పోదువు గని, గీ కుంటోన్ని లేపి పో."

తిట్టుకుంటూ వెనక్కి వచ్చింది. నా చంక కింద చెయ్యేసి లేపుతుండగానే బండి వెళ్ళిపోయింది. అప్పుడు కూలబడి ఏడ్చింది.

కర్ర నా సంచుల కిందే ఉంది. నేనే దాచాను.

రెండు కాళ్ళుంటే పరుగెత్తేవాణ్ణి, అందుకోలేకపోయేవాణ్ణి. ఈ కాలు ఎందుకు తీశావని ఇక ఆయనను అడగను. మీరూ అడగొద్దు. ఆమె ఇంటికి వెళ్ళి, చిత్తం గిత్తం అనకుండా కాసేపు కూర్చోండి. ఎప్పుడు వెళ్తారో శుక్రవారంలోగా జవాబు రాయండి. లేకుంటే ఆదివారం మీ ప్రార్థన మధ్యలో ఒంటికాలి మీద లేస్తాను. నాకున్నది అదొక్కటే.

యాకోబు