మారిన వాగ్దానాలు

పటాలానికి వెళ్ళే తమ్ముడి సంచి సర్దుతూ, హన్నా స్వెట్టరు మడతలో ఒక కార్డు దాచింది. చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధనలో, ఏడాదికి ఒక్కొక్కరికీ ఒక్కో బైబిలు మాటగా పంచే కార్డుల్లోంచి తాను కళ్ళు మూసుకుని తీసిన వాగ్దానం అది: “క్షేమంగా తిరిగి వస్తావు.”

జ్ఞానప్రకాశం చూడనే చూశాడు. “ఇది నీది కదక్కా! దేవుడి దగ్గర కూడా బదిలీలు చేయిస్తావా?”

“ఈ గుఢియారీ బస్తీ దాటి నేనెక్కడికి పోతాన్రా, తిరిగి రావడానికి? ఉంచుకో. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

అతని నవ్వు ఆగిపోయింది. కార్డును జేబులో పెట్టుకుని, తనకు వచ్చినదాన్ని అక్క చేతిలో ఉంచాడు. “అయితే ఇది నువ్వు తీసుకో. జల్దీ వచ్చేస్తాలే.”

రిక్షా మలుపు తిరిగాక హన్నా కూడబలుక్కుని చదివింది: “భయపడకు.”

భయం ఎవరిదో వాడికి తెలుసు.

1971 డిసెంబరు యుద్ధం నుంచి జ్ఞానప్రకాశం తిరిగి రాలేదు.