ఒక్క చుక్క

తోటపని చేసే యాసిన్ పొద్దున్నే మందు కొట్టి మామిడి మొక్క పక్కన పడిపోయాడట. పాలు పోసే పున్నమ్మ గేటులోంచి చూసిందట. ఆ మాట పక్కింటి సరళ ప్రహరీ గోడ మీంచి గోవర్ధనరావు చెవిన వేసింది.

"వాళ్లలో ముట్టరంటారు గదండీ బాబాయిగారూ! పైగా పనిలోకొచ్చి మరీనా?"

గోవర్ధనరావు పేపరు పక్కన పడేసి విసవిసా పెరట్లోకి నడిచాడు. ముందు యాసిన్ వైపు చూడలేదు. గులాబీ మడుల మీద కప్పించిన టార్పాలిన్ ఎత్తి చూశాడు. ఒక్క ఆకు మాడలేదు. చిన్నరసం మామిడి మొదలుకి చుట్టించిన గోనె తడిమాడు. పొడిగానే ఉంది. పచ్చికలో మొలిచిన తుంగ మాత్రం పసుపు తిరిగి వాలిపోతోంది. మూడు రోజులుగా గడ్డి మందు పని జరుగుతోంది. సముద్రపు గాలి లేవకముందే కొట్టాలి, వీపున మోసే పంపు గొట్టం కొసకి గరాటు తగిలించి నేలకి ఆనించి కొట్టాలి అని సెల్‌ఫోన్లో చూసి మరీ చెప్పింది ఆయనే.

అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక మనిషి వైపు తిరిగాడు. యాసిన్ గోడకి చేరగిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చొక్కా మీద వాంతి మరకలు.

"ఏరా, మందు కొట్టావా?"

"కొట్టానండీ." నాలుక మడతపడింది.

"చూశారా, వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు!" అంది గోడ మీంచి సరళ.

"ఎప్పుడు కొట్టావ్?"

"తెల్లారగట్లేనండీ. మీరు చెప్పినట్టే."

"నేను చెప్పానట! వింటున్నావా సరళా?"

యాసిన్ ఏదో అనబోయి పక్కకి తిరిగి కక్కుకున్నాడు. గోవర్ధనరావు రెండడుగులు వెనక్కి వేశాడు.

"పంపు కారుతోందని మొన్న నువ్వే అన్నావు. నేనేమన్నాను? మొక్కల మీద ఒక్క చుక్క పడినా ఊరుకోనన్నానా లేదా? ఈ మత్తులో ఎక్కడెక్కడ కార్చి పెట్టావో!"

"పడలేదండీ. ఒక్క చుక్క పడలేదు."

"కాసిని మజ్జిగ తాగించి పడుకోబెట్టండి బాబాయిగారూ. అదే దిగుతుంది" అంది సరళ.

మజ్జిగ తాగించారు. అదీ కక్కేశాడు. నీడలోకి జరిపి వదిలేశారు.

మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని జరీనా వచ్చేసరికి మొగుడి పెదాలు నల్లబడి ఉన్నాయి. ఎగశ్వాస తీస్తున్నాడు. ఆమె పెట్టిన కేకకి వీధిలో పోతున్న ఆటో ఆగింది. రేపు నలుగురూ ఏమంటారోనని గోవర్ధనరావు కూడా ఎక్కాడు.

ఆసుపత్రిలో డాక్టరు టార్చి వేసి నోట్లో చూసింది.

"ఏం తాగాడు?"

"పొద్దున్నే మందు కొట్టాడండీ. వాడే ఒప్పుకున్నాడు" అన్నాడు గోవర్ధనరావు.

"అల్లా మీద ఒట్టు, మా ఆయన దాని జోలికి పోడమ్మా" అంది జరీనా.

డాక్టరు ముక్కు దగ్గరపెట్టి చూసింది. సారా వాసన లేదు. ఇంకేదో ఘాటు. యాసిన్‌ని బోర్లా తిప్పి చొక్కా పైకెత్తింది. వీపు మీద చర్మం లేదు. మెడ కింది నుంచి నడుము దాకా ఎర్రగా, చెమ్మగా ఉడికిపోయి ఉంది. నడుముకి కట్టిన తువ్వాలు కండకి అంటుకుపోయింది. జరీనా దాని ముడి విప్పి, మెల్లగా ఊడదీసింది.

"ఇది గడ్డి మందు. రోజుల తరబడి ఒంట్లోకి దిగింది" అంది డాక్టరు. జరీనా భుజం మీద చెయ్యి వేసింది. "ఊపిరితిత్తులు పట్టేసింది. మేం చెయ్యగలిగింది చేస్తాం. ఆశ పెట్టుకోకమ్మా."

గోవర్ధనరావు గొంతు సవరించుకున్నాడు. "అట్లా ఎట్లా జరుగుతుందండీ? పొద్దున నేను మొక్క మొక్కా చూశాను. ఆ పంపు నుంచి ఒక్క చుక్క కింద పడలేదు."

జరీనా ఆ తడి తువ్వాలు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టింది.

"మీ గులాబీల మీద పడకూడదని పంపుకీ వీపుకీ మధ్య కట్టుకున్నాడు. తాగింది ఇదండీ, మా ఆయన కాదు."