పై దారి

"ఊపిరి బాగా పీల్చి బిగపట్టండి."

ఎక్స్‌రే గదిలో ఆమె రోజుకు వందసార్లు అనే మాట అది.

పెద్దాయన బిగపట్టలేకపోయాడు. దగ్గాడు. రెండోసారీ దగ్గే వచ్చింది.

మూడోసారికి ఫిల్ము కుదిరింది. చొక్కా తొడుక్కుంటూ ఆయన గోడకేసి చూశాడు. అక్కడ అంటించిన మ్యాపు మీద ఎర్ర పెన్నుతో గీసిన గీత ఒకటి కొండల మధ్య మెలికలు తిరుగుతూ పోతోంది.

"ఎవరు వెళ్తున్నారమ్మా?"

"నేనేనండి. వచ్చే నెల. సైకిల్ మీద."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే. ఆ ఖండంలో ఇంతవరకు మావాళ్లెవరూ కాలు పెట్టలేదు." తర్వాతి పేషెంటును పిలవడానికి ఆమె అప్పటికే తలుపు దగ్గరికి వెళ్లింది.

ఆయన కదల్లేదు. గీత ఏరు దాటే చోట వేలు పెట్టాడు.

"ఈ వంతెన మీదుగా వద్దు. ఆ నెలలో ఏరు పొంగుతుంది. పై దారిన పో. రెండు రోజులు ఎక్కువ పడుతుంది, అంతే."

"మ్యాపులో పై దారి లేదండి."

"మ్యాపులో ఉండదు. అక్కడ ఉంటుంది."

"మీరు సైకిల్ మీద కొండలెక్కుతారా?"

"నాకు సైకిలే రాదమ్మా. నేను దర్జీని."

ఆమె నవ్వు ఆపుకుని తలుపు తీసింది.

ఇంట్లో కూడా ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు. సైకిల్ని విప్పి పెట్టెలో సర్దడం, తూచడం, మళ్లీ తీయడం. రెండు ట్యూబులు తగ్గించి ఒక స్వెట్టర్ పెట్టడం, స్వెట్టర్ తీసేసి ట్యూబులు పెట్టడం.

"ఏమే, ఇది ఎన్నోసారి?" అంది అక్క.

"రెండు కిలోలు ఎక్కువొస్తోందక్కా."

"నువ్వు ఇక్కడ ఉండీ లేనట్టే ఉన్నావు. తినేటప్పుడైనా కాసేపు కూర్చో."

"కూర్చోలేనక్కా."

"తెలుసులే. ఉయ్యాల్లో కూడా కుదురుగా లేవని అమ్మ అనేది."

దొరికిన సెలవు పదిహేను రోజులు. అందులో రెండు రోజులు ఎవరో దర్జీ మాట మీద పోగొట్టుకోవడం ఆమెకు నచ్చలేదు. అయినా మనసు ఊరుకోక సైకిల్ వాళ్ల గ్రూపులో అడిగింది. పై దారి సంగతి ఎవరికీ తెలియదు.

మూడు వారాలకు ఆయన మళ్లీ వచ్చాడు, ఈసారి వార్డు నుంచి. చొక్కా బాగా వదులైంది. ఫిల్ములో నీడ పెరిగింది. ఆ మాట చెప్పాల్సింది డాక్టరు, ఆమె చెప్పకూడదు.

ఆయన చూపు మాత్రం మ్యాపు మీదే ఉంది.

"గీత మార్చలేదే."

"లేదండి."

"ఆ వంతెన దగ్గరికి ఏ రోజు చేరతావు?"

"తొమ్మిదో తారీఖు. ఎందుకు, మీరొచ్చి ఆపుతారా?"

నోరు జారాక ఆమెకే బాగనిపించలేదు. ఆయన నొచ్చుకున్నట్టు లేదు. "తొమ్మిది," అని తనలో తాను ఒకసారి అనుకుని, గోడ పట్టుకుని నెమ్మదిగా వెళ్లిపోయాడు.

తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం ఆమె వంతెన చేరింది.

మబ్బు నేలకు దిగింది. ముందు చక్రం తప్ప ఏమీ కనిపించడం లేదు. కింద ఏరు హోరెత్తుతోంది. అప్పటికే అనుకున్నదానికన్నా సగం రోజు వెనకబడింది. దిగి నడిపిస్తే ఇంకా ఆలస్యం.

పెడల్ తొక్కింది. చక్రం చెక్కల మీదికెక్కింది.

"ఆగమ్మా."

వెనక నుంచి వినిపించింది. తన భాషలో.

ఆమె రెండు బ్రేకులూ పట్టేసింది.

వాన కోట్లు వేసుకున్న ఇద్దరు మగాళ్లు పరిగెత్తుకొస్తున్నారు. ఎన్నడూ చూడని మొహాలు. "ఆగమ్మా, ఆగమ్మా," అంటున్నారు. అది తప్ప ఆ భాషలో వాళ్లకు ఇంకో ముక్క రాదు.

ఒకతను రాయి తీసి ముందుకు విసిరాడు. చెక్క మీద పడ్డ చప్పుడు రాలేదు.

అవతలి సగం వంతెన రాత్రే కొట్టుకుపోయింది.

వాళ్లు ఆమెను కొండ వాలులో ఉన్న ఒక సత్రానికి తీసుకెళ్లారు. సత్రం నడిపే ముసలావిడ ఆమె భుజాల మీద దుప్పటి కప్పింది.

"భయం లేదు. కూర్చో."

ముద్దముద్దగా ఉన్నా, అదీ తన భాషే.

"మా మాట మీకెలా వచ్చు?"

"దర్జీ నేర్పాడు. నాలుగు రోజుల కింద ఫోన్ చేశాడు. తొమ్మిదిన పిల్ల వస్తుంది, తొందర పిల్ల. మీ మాటతో పిలిస్తే ఆగదు, నా మాటతో పిలవండి అన్నాడు. మావాళ్లు నిన్నటి నుంచి అక్కడే."

ఆమె ఫోన్ తీసి ఆసుపత్రికి చేసింది.

"సిస్టర్, ఊపిరితిత్తుల పేషెంటు, ఆ దర్జీగారు, ఏ వార్డులో ఉన్నారో చూస్తారా? ఒక్కసారి మాట్లాడాలి."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"ఆయన నిన్న పొద్దున పోయారు."

ఆ మాట ఎలా చెప్పాలో తెలియక ఆమె ముసలావిడ వైపు చూసింది. చెప్పక్కర్లేకపోయింది. ముసలావిడ పొయ్యి ఆర్పేసి, వచ్చి పక్కన కూర్చుంది.

"ఆయన మీకేమవుతారు?"

ముసలావిడ వచ్చిన నాలుగు మాటలూ కూడదీసుకుని, రాని చోట చేతులతో చూపిస్తూ, చాలాసేపు చెప్పింది.

ముప్పయ్యేళ్ల కిందట సైకిల్ మీద ఆ ఏరు దాటబోయి కొట్టుకుపోయిన కుర్రాడి కోసం వెతుక్కుంటూ వచ్చిన అన్న ఆయన. తమ్ముడు దొరక్కపోయినా వెనక్కి వెళ్లకుండా, ఊరివాళ్లకు బట్టలు కుడుతూ ఆరేళ్లు అక్కడే ఉండి, వాళ్లతో కలిసి కొండ తొలిచి పై దారి వేసింది ఆయనే.