బల్ల కింద చోటు

"మళ్లీ తీసేశారా అత్తా?"

పద్మిని గుమ్మంలోనే ఆగిపోయింది. బల్ల కింద తను అరలుగా అమర్చిన చేపల ట్రేలలో మధ్యవి లేవు. ఫైళ్లతో సహా మంచం మీద ఉన్నాయి. వాటి చోట ఒక నీళ్ల సీసా ఉంది.

"తీసేసినాను," అంది ఎరుకమ్మ, చాటలో బియ్యం ఏరుతూ. "పక్కలవి ఉండనీ. మజ్జిలో ఏటీ ఎట్టకు."

"ఎందుకని?"

"చేపల గంపలు తెచ్చి ఇంట్లో ఎట్టినావు. ఇంకా నన్నే అడుగుతావేటి? ఒగ్గీ."

ఇంకాసేపట్లో గోపినాథ్ వస్తాడు. జంగ్లీఘాట్‌లో ఒక కాంట్రాక్టరు ఆఫీసుకి మేనేజరతను. ఆ ఆఫీసు బిల్లులు పద్మిని ఇంట్లో కూర్చుని చూస్తోంది. కిందటిసారి అతను వచ్చినప్పుడు ఫైళ్లు మంచం మీద, నేల మీద, బియ్యం డబ్బా మీద ఉన్నాయి. "దీదీ, ఏక్ ఔర్ మౌకా, ఇంకొక్క అవకాశం. ఈసారీ ఇలాగే ఉంటే పని ఆఫీసులోని మధులతకి ఇచ్చేస్తాను," అనేసి వెళ్లాడు.

అందుకే రేవులో పాత ట్రేలు అడిగి తెచ్చుకుంది. కడిగి, ఎండబెట్టి, పక్కకి పడుకోబెట్టి, ఒకదానిమీద ఒకటి ఇనుప తీగతో కట్టింది. బల్ల కింద అరలు తయారయ్యాయి. బతు బస్తీలోని ఆ ఒంటిగది ఇంట్లో నేల కనిపించింది. మర్నాటికే ఎరుకమ్మ మధ్యవి లాగేసింది. పద్మిని పెట్టడం, ఆవిడ తీయడం అప్పట్నుంచీ నడుస్తోంది.

పెళ్లయి టెక్కలి నుంచి ఈ దీవికి వచ్చి ఏడాది కాలేదు. మనోజ్‌ది ఓడ మీద ఉద్యోగం. ఫోన్లో మొర పెట్టుకుంటే "అమ్మ అంతే, సర్దుకో," అన్నాడు. వచ్చిన కొత్తలో అతను చెప్పిన జాగ్రత్త ఒక్కటే. "అమ్మ దగ్గర హట్ బే ఊరి మాట ఎత్తకు. నాన్న అక్కడే పోయాడు."

ఆవిడ చెడ్డదని పద్మిని అనుకోలేదు. మొన్న జాకెట్టు కుట్టిస్తానని దగ్గర కూర్చోబెట్టుకుంది. ఎర్ర లంగా బొందుతో కొలత తీసింది. "మోకాళ్లు ముడుచుకుని కూకో. తల వంచు," అంటూ బొందుకి ముడులు వేసుకుంది.

"మా ఊళ్లో నిలబెట్టి కొలుస్తారత్తా," అని పద్మిని నవ్వింది.

"దీవిలో ఇలాగే."

జాకెట్టు రాలేదు.

పద్మిని మంచం మీది ట్రే ఎత్తి బల్ల దగ్గరికి నడిచింది. అది బరువైన పడోక్ చెక్క బల్ల, ఇద్దరు పడితే గాని జరగదు. మనోజ్ తేలికది కొంటానంటే ఎరుకమ్మ పడనివ్వలేదు. ఇప్పుడు చాట పక్కన పెట్టి వచ్చి, ట్రే అంచు పట్టుకుంది.

"వదలండి. ఆయనొచ్చే వేళయింది."

"రానీ. వద్దన్నాను."

"నా పని పోవాలనేనా మీకు?"

"పోతే ఇంకోటొస్తాది."

"ఈ ఇంట్లో నాకు బల్ల కింద చోటు కూడా లేదా?"

 ఎరుకమ్మ ట్రే వదల్లేదు. బయట ఆటో ఆగింది.

"దీదీ!" గోపినాథ్ గొంతు.

అలమరలో గ్లాసులు గలగలమన్నాయి. ఆటో వల్లేననుకుంది పద్మిని. ఆటో ఇంజను ఆగింది. గ్లాసులు ఆగలేదు. కాళ్ల కింద నేల జరిగింది.

ట్రే జారి పడింది. ఎరుకమ్మ చెయ్యి పద్మిని మెడ మీద పడి, వంచి, బల్ల కిందికి తోసింది. అటక మీది ఇత్తడి బిందె బల్ల మీద పడి దొర్లింది.

"అత్తా, మీరూ రండి!"

"ఇద్దరికి పట్టదు. నువ్వు కదలకు." బల్ల కాలు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది ఎరుకమ్మ. "హట్ బేలో ఇల్లు కూలినపుడు మీ మావకి ఈపాటి చోటు దొరకనేదు."

పద్మిని మోకాళ్లు ముడుచుకుని, తల వంచుకుని ఉంది. రెండు భుజాలకీ రెండు వైపుల ట్రేలు ఆనుతున్నాయి. వెనక గోడ వైపు, ఈ ట్రేకీ ఆ ట్రేకీ మధ్య ఎర్ర లంగా బొందు బిగించి ఉంది, ముడి నుంచి ముడికి.

అది జాకెట్టు కొలత కాదు.