ఒకే ఇంట్లో ఇద్దరు మంగ్లులు

“నీ కొడుకు పేరు కంప్యూటరు తీసేసింది. ఇక వాడి వాటా బియ్యం రావు,” అన్నాడు రేషన్ కార్డులు చేసే రవిబాబు.

చంకలోని బిడ్డను చూపించాను. “ఈడు అగుపడతన్నాడా బాబూ?”

“ఒకే ఇంట్లో తాతా మంగ్లే, మనవడూ మంగ్లే. దొంగపేరనుకుంది.”

“ఇద్దరూ మంగళారమే పుట్టినారు. మాలో పుట్టిన వారమే పేరు. మా ఊళ్లో ఆరుగురు మంగ్లులు. మా మేకలు కూడా ఎవులు ఎవులో పోల్చుకుంటాయి. నీ పెట్టెకి తెలీదా?”

వెనక వరుసలోవాళ్లు నవ్వారు.

“కంప్యూటరు మాట నేను కాదనలేను. పిల్లాడికి ప్రవీణ్ అని పెట్టు. ఇప్పుడే ఎక్కించేస్తాను.”

నాలుగు వారాలుగా సంతకొచ్చినప్పుడల్లా ఆ పెట్టెకే దండాలు పెడుతున్నాను. ఇప్పుడు మీటల మీదున్న అతని వేళ్లు చూశాను.

“ఎక్కించేది నువ్వయితే తీసిందీ నువ్వేనన్నమాట!” బిడ్డను అతని బల్లమీద కూర్చోబెట్టాను. “మంగ్లు అనే కొట్టు.”