చేతి థ్రాటిల్

మా బామ్మర్ది తన ఎలక్ట్రిక్ సైకిల్‌ను నా సైకిల్ షాపులోకి నెట్టుకొచ్చి, తొక్కకుండానే నడిచేలా చేతి థ్రాటిల్ పెట్టమన్నాడు.

"పార్శిళ్ళు పంచేవాడివి, ఆ కాస్త తొక్కడానికీ బద్ధకమేనా?"

"నీ పొట్ట చూసి నేర్చుకున్నా బావా."

థ్రాటిల్ బిగించి, వెనక చక్రం పైకెత్తి తిప్పి చూపించాను.

"ఇక కాళ్ళు ఇంట్లో పెట్టి వెళ్ళినా నీ ఉద్యోగం సాగుతుంది."

అతను నవ్వాడు.

"ఎడమ పెడల్ విప్పెయ్యి బావా. షుగర్ పుండు మానలేదు. సోమవారం ఆ కాలు మోకాలి కింద తీసేస్తున్నారు. బండి నడిపితేనే పని ఉంచుతామని కంపెనీవాళ్ళన్నారు. అక్కకి నువ్వే చెప్పు."

ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది. ఇరవయ్యేళ్ళుగా ఈ పని చేస్తున్నవాణ్ణి, ఆ సంగతి మరిచిపోయి, విప్పుతున్నాననుకుని చాలాసేపు బిగిస్తూనే ఉన్నాను.